దొరసానికి చేరని సగం మాట

మా మనవరాలిని కాలేజీలో ఏదో వ్యాసం రాయమన్నారట. విదేశాంగ విధానం, మానవ హక్కులు, ఉద్యోగాలు, ఈ మూడింటిలో ఒక దేశం దేన్ని ముందు చూసుకోవాలని ప్రశ్న. పదిహేడేళ్ళ పిల్లకి ఇంత బరువు ప్రశ్నేమిటర్రా అని నాలో నేను నవ్వుకుంటూ, సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటు బయట కుర్చీ వేసుకుని ఆదివారం పొద్దుటి కాఫీ తాగుతున్నాను. లోపలినుంచి ఆ పిల్ల కేకేసింది. "తాతా, కమ్ కమ్! ఈ ఆంటీ తువాస్ షిప్‌యార్డ్ అంటోంది. యువర్ ప్లేస్ లా!"

మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి చూద్దును గదా, తెరమీద ఒక తెల్లజుట్టు ఆవిడ. జుట్టు నెరిసింది గానీ, మాట్లాడేముందు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునే అలవాటు మాత్రం అలాగే ఉంది. ఒకప్పుడు ఆవిడ యూరప్ పార్లమెంటులో సభ్యురాలు. ముప్ఫై ఏళ్ళకి పైమాట, ఒక మధ్యాహ్నం మా యార్డుకి వచ్చింది, నా పక్కనే గంటసేపు నిలబడింది. కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

ఆవిడ చెప్పేది చాలా సౌమ్యంగా ఉంది. దూరదేశాలకి మనం హక్కుల పాఠాలు చెప్పడం విదేశాంగ విధానం కాదు, మన ఓడలు బాగుచేసే యార్డులకి మనం షరతులు పెడితే ఓడలు ఇంకో రేవుకి పోతాయి, అప్పుడు పని పోయేది బీదవాడికే, ముందు పని ఉండనివ్వండి, హక్కులు మెల్లిగా వాటంతటవే వస్తాయి, అంటోంది. మరి మీరు ఆ రోజుల్లో షరతులకి వ్యతిరేకంగా ఓటేశారే, ఎప్పుడైనా తప్పు చేశాననిపించిందా అని ఎదుటివాడు అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, సింగపూర్‌లో ఒక వెల్డరు నా చేతులు పట్టుకుని, మీ ఓడలు వస్తూ ఉండాలి, నాకు పని ఉండాలి, అదే చాలన్నాడు, ఆ మాట నన్ను మార్చింది, అంది. పక్కన ఒక మర్యాదస్థుడైన దుబాసీ కూడా ఉన్నాడని చెప్పింది.

ఆ మర్యాదస్థుణ్ణి నేనే. నా మర్యాద తగలెయ్యా!

నా ఈడువాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కాకినాడలో డిప్లొమా చదివి, ఏజెంటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేరాను. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఏ ఇనప గదిలోకి ఎలా దిగాలో, దేన్ని ముట్టుకోకూడదో తెలుగులో పాఠం చెప్పడం నా పని. అందుకని అందరికీ మాస్టారునైపోయాను. పొద్దున్నే డార్మిటరీనుంచి లారీల్లో నిలబడి వచ్చేవాళ్ళు, ఆదివారం కార్డు కొనుక్కుని ఫోను బూత్ ముందు వరసలో నిలబడి, ఇంటికి నాలుగు మాటలు చెప్పుకుని మొహం తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళ మాట అయితే నాతో, లేకపోతే ఇంటితో. మూడో మనిషికి ఏదన్నా చెప్పుకోవాలంటే మధ్యలో నేనుండాల్సిందే.

వాళ్ళలో సోంపేట వైపునుంచి వచ్చిన వెల్డరు ఒకాయన ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆ ఊరి కుర్రాళ్ళలో సగంమందికి వరసకి మేనమామ కాబట్టి యార్డంతా ఆయన్ని మావ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఓడ అడుగున నీళ్ళు నింపే ట్యాంకులుంటాయి. మనిషి నడుము పట్టేంత కంతలోంచి దిగి, లోపల వంగి కూచుని అతుకులు వెయ్యాలి. ఇనుము కాలిన పొగ బయటికి పోవడానికీ, గాలి లోపలికి రావడానికీ పైనుంచి లావుపాటి గొట్టం వేసి, దానికి ఫ్యాను లాంటి బ్లోవరు తగిలిస్తారు. పని రద్దీగా ఉన్నప్పుడు రెండు ట్యాంకులకి ఒకటే బ్లోవరు. ఇక్కడ కాసేపు, అక్కడ కాసేపు. గొట్టం పక్క ట్యాంకుకి పోయినప్పుడు ఇక్కడున్నవాడి సంగతి దేవుడికే ఎరుక. నేను చెప్పే పాఠంలో మాత్రం ఒక్కో ట్యాంకుకి ఒక్కో గొట్టం అని ఉండేది. పాఠం పాఠమే, పని పనే.

అటువంటి రోజుల్లో ఆవిడ రాక. వాళ్ళ దేశం ఓడ ఒకటి మా దగ్గర మరమ్మతులో ఉంది. తమ ఓడలు బాగుచేసే చోట కూలీలు ఎలా ఉన్నారో చూడాలట, వాళ్ళతోనే మాట్లాడాలట. మేనేజరు నన్ను పిలిచి, నువ్వే దుబాసీవి, టూకీగా ముగించు, అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరూ చెప్పకుండానే నేను చేసిన ఘనకార్యం అది. ముందురోజు క్యాంటీనులో మనవాళ్ళని కూచోబెట్టి, పెద్దింటి చుట్టం వస్తోంది, ఇంటి గుట్టు వీధిలో పెట్టుకోకండర్రా, అని ముద్దుగా చెప్పాను. అందరూ తలలూపారు. మావ ఒక్కడూ ఊపలేదని నేను గమనించనేలేదు.

మర్నాడు మావ గడ్డం గీసుకుని, ఊళ్ళో పెళ్ళికి కుట్టించుకున్న నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. దొరసాని అందరినీ పలకరిస్తూ వచ్చి, మీకు మా నుంచి ఏం కావాలి అని అడిగింది. మిగతావాళ్ళు నా మొహం చూశారు. మావ ముందుకొచ్చి దండం పెట్టి, ఆవిడ కళ్ళల్లోకే చూస్తూ మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ ఓడలు రావాల, మాకు పని కావాల. పనికి రానని నాననను. కానీ మా గొట్టం మాకుండాల. పైనున్నోడు గొట్టం తీసి పక్క టేంకులో ఎడతాడు, అప్పుడు నోపల ఊపిరాడదు. మొన్న మా మేనల్లుడు కళ్ళు తిరిగి పడిపోనాడు. టేంకుకో గొట్టం ఎట్టమని మీ ఓడోలు ఒక్క ముక్క రాస్తే వీళ్ళు వింటారు. మా మాట వినరమ్మా."

ఇంతకంటే పొందికగా ఏ పార్లమెంటులోనైనా ఎవరైనా మాట్లాడారేమో నాకు తెలీదు. హక్కూ, ఉద్యోగమూ, దేశాలమధ్య మాటా అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు మాత్రం భయమేసింది. మేనేజరు రెండడుగుల దూరంలో ఉన్నాడు. నా ఉద్యోగం పాసు పొడిగింపు కాగితాలు ఆయన బల్లమీద ఉన్నాయి. నా భార్యనీ, అప్పటికి ఒకటో తరగతి చదివే మా అమ్మాయినీ ఆ వేసవిలోనే తెచ్చుకోవాలని గది కూడా చూసుకున్నాను. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరగాలి. ఇంగ్లీషులో ఇలా చెప్పాను: మీ ఓడలు వస్తూ ఉండాలట, తనకి పని ఉండాలట, అదే కోరిక అంటున్నాడు.

ఆవిడ తెలివైన మనిషి. నావంక అనుమానంగా చూసి, అంతేనా, ఆయన చాలాసేపు మాట్లాడాడే, అంది. నేను నవ్వి, మా తెలుగులో మాటలు కొంచెం పొడుగండీ, అన్నాను. ఏ పాపమూ ఎరగని నా భాషమీదకి నెట్టేశాను! ఆవిడ కూడా నవ్వేసింది. మావ రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూనే ఊపింది. మావ ఆ నవ్వుకేసి చూశాడు, తర్వాత నావంక చూశాడు. ఆవిడ వెళ్ళాక దగ్గరికొచ్చి, "నాను సెప్పిందంతా సెప్పీసినారా మాస్టారూ?" అని అడిగాడు. చెప్పేశాను మావా, అన్నాను.

అప్పటినుంచి నాకు శిక్ష మొదలైంది. కొత్త ఓడ రేవుకి వచ్చినప్పుడల్లా మావ నా గది గుమ్మంలో నిలబడి, "దొరసానమ్మ కాగితం ఏటైనా ఒచ్చిందా?" అని అడిగేవాడు. వాళ్ళ పార్లమెంటులో పనులు నెమ్మదిగా సాగుతాయి మావా, అనేవాణ్ణి. ఆయన తలూపి ట్యాంకులోకి దిగేవాడు. ఒక అబద్ధానికి కాపలా కాయడానికి ఎన్ని అబద్ధాలు కావాలో అప్పుడు తెలిసింది. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆయన రావడం చూసి రెండుసార్లు పక్క తలుపులోంచి తప్పుకున్నాను కూడా.

మళ్ళీ ఏడాది వానల్లో, గొట్టం పక్క ట్యాంకులో ఉన్న సమయంలో, మావ లోపల పడిపోయాడు. తాడు కట్టి పైకి లాగారు. కంతలోంచి ముందు ఆయన తల, తర్వాత వేలాడుతున్న చేతులు బయటికొచ్చాయి. ఆ చేతులు నాకు ఈరోజుకీ కనిపిస్తాయి. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మూసిన చోట్ల పని చెయ్యకూడదని డాక్టరు రాశాడు, ఆ పని చెయ్యలేనివాడికి ఇక్కడ ఉండే పర్మిట్టు లేదన్నారు. విమానాశ్రయానికి నేను వెళ్ళాను. అట్టపెట్టె భుజానికెత్తుకోలేక కాలితో తోసుకుంటూ వెళుతూ, వెనక్కి తిరిగి, "దొరసానమ్మ కాగితం ఒస్తే నాకూ ఓ ముక్క సెప్పండి మాస్టారూ" అన్నాడు.

ఇందులో నన్ను ఎక్కువ దహించేది ఇంకొకటుంది. కొన్నేళ్ళకి నాకు పై పదవి వచ్చింది. బ్లోవర్లు కావాలని అరపేజీ కాగితం నేనే రాసి, నేనే సంతకం పెట్టి పంపాను. నెల తిరక్కుండా ట్యాంకుకొకటి చొప్పున వచ్చి కూచున్నాయి. ఎవరూ నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, ఎందుకని కూడా అడగలేదు. ఇంత తేలికైన పనా ఇది అని ఆరోజు గదిలో తలుపేసుకుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అందులోనూ కాలినవి నా చేతులు కావు.

సరే, ఆ ఆదివారానికి వస్తాను. మనవరాలు ఆ ఆంటీ మాట నోట్సులో రాసుకుంటూ, ఆ వెల్డర్ అంకుల్ నిజంగా అంతేనా అన్నాడు, అని అడిగింది. ఆవిడ అడిగిన ప్రశ్నే, మళ్ళీ. ఈసారి తెలుగుమీదకి నెట్టడానికి నోరు రాలేదు. కాదమ్మా, సగం నేను మింగేశాను, అన్నాను. పిల్ల పెన్ను పక్కన పెట్టి, "దెన్ యు మస్ట్ టెల్ హిమ్, తాతా" అంది. అంత సులువు దానికి.

పండగలకి ఫోన్ చేసుకోవడం మాకు ఎప్పటినుంచో ఉంది. ఆ మధ్యాహ్నం పండగేమీ లేకుండానే చేశాను. మావ ఇప్పుడు నాలుగు మాటలకోసారి దగ్గుతాడు. దొరసాని టీవీలో కనపడిందంటే పొంగిపోయి, ఇంట్లోవాళ్ళని కూడా పిలిచాడు. ఆయన సంతోషం ఆపి మరీ చెప్పాల్సి వచ్చింది. ఓడల మాట చెప్పాను మావా, గొట్టం మాట చెప్పలేదు, భయపడ్డాను, అన్నాను.

"నాకు తెల్సు మాస్టారూ" అన్నాడు. "ఆయమ్మ నవ్వినాది గదా. గొట్టం సంగతి ఇన్నోలు నవ్వరు."

మరి తెలిసీ ఏడాదిపాటు కాగితం వచ్చిందా, కాగితం వచ్చిందా అని ఎందుకడిగావయ్యా, అన్నాను.

"మీరే సెప్తారని. మీరు సెప్తే ఇద్దరం కలిసి ఇంకో దారి సూసుకుందుం. నాను అడిగితే మీకు సిన్నతనం గదా."

నా పరువు కాపాడడానికి ఆయన ఊపిరి ఖర్చుపెట్టాడు. నన్ను తిట్టు మావా అన్నాను. ఇప్పుడెందుకులెద్దురూ అని, మా అమ్మాయి క్షేమం అడిగాడు.

ఆ వారంలోనే దొరసానికి ఉత్తరం రాశాను. మావ చెప్పింది మొత్తం, గొట్టమూ, మేనల్లుడూ, ఏదీ వదలకుండా. మనవరాలు ఇంగ్లీషు దిద్ది, ఆవిడ చిరునామా వెతికి పంపింది. జవాబు ఇంకా రాలేదు. రోజూ పొద్దున్నే ఆ పిల్లని, కాగితం ఏమైనా వచ్చిందా అని అడుగుతున్నాను.

కాలం మారింది, మనుషులకి మనుషులతో పనిలేకుండా పోయిందని మా తరంవాళ్ళం కూచుంటే అదే గొడవ. నేనూ అందులో గొంతు కలిపేవాణ్ణే. మొన్న పాత స్నేహితుణ్ణి చూద్దామని తువాస్ వెళ్ళాను. యార్డు గేటు బయట శ్రీకాకుళం యాసలో ఒక యువకుడు ఫోనులోకి ఏదో గబగబా చెప్పుకుపోతున్నాడు. లోపల గాలి సరిగా ఆడటంలేదని ఆ కుర్రాడి గోడు. ఎదురుగా నిలబడ్డ చైనా సూపర్‌వైజరు చెవి దగ్గర ఫోను పెడితే, ఆ ఫోనే తెలుగుని ఆయన భాషలోకి మార్చి మొత్తం అప్పజెప్పేసింది. దానికి పాసు పొడిగించుకునే పనిలేదు, తెచ్చుకోవాల్సిన పెళ్ళాంపిల్లలూ లేరు. ఆ గేటు దగ్గర నాలాంటివాడి అవసరం ఇంక ఎవరికీ లేదని దిగులేసిన మాట నిజం. కానీ వింటున్న సూపర్‌వైజరు మొహంకేసి చూశాను. ఆయన నవ్వలేదు.