మొగిలి పుట్టింటివాడు

"పెండ్లికి పోవాలె, సెలవియ్యిండ్రి" అని ఏలియా అడిగితే మేస్త్రీ కొమురెల్లి నోట్లో తంబాకును ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నాడు.

"ఎవరి పెండ్లిరా?"

"దోస్తుది."

"నీకు దోస్తులెవరున్నర్రా? ఉన్న ఒక్కడు చీర కట్టుకొని యాములాడ పాయె."

మిల్లు గుమ్మంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏలియా కూడా నవ్వాడు. నలుగురూ నవ్వేటప్పుడు నవ్వకపోతే అనుమానం వస్తుందని అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

లక్సెట్టిపేట మెథడిస్టు సంఘంలో పుట్టినవాడు ఏలియా. తల్లి సంతోషమ్మ ప్రతి ఆదివారం కొడుకు పెండ్లి కోసం ప్రార్థన పెట్టించేది. ఆ ప్రార్థన ఎక్కడ నెరవేరుతుందోనన్న భయంతోనే అతను ఆదిలాబాద్ వచ్చి జిన్నింగ్ మిల్లులో పడ్డాడు. లోపల దూది నూగు ఎంత ఎగురుతుందంటే, మనిషికి మనిషి ముఖం సరిగా కనబడదు. ఆ చోటు అతనికి నచ్చింది.

మరుసటి సీజన్‌లో పత్తి బోరాలు మోయడానికి మొగిలి వచ్చాడు. నడకలోగాని, చేతులు తిప్పడంలోగాని ఏదీ దాచుకోవడం చేతకాని మనిషి. ఇద్దరూ ఒకే గదిలో నాలుగేళ్లు ఉన్నారు. పని దిగాక ఒకరి తలలో నూగు ఒకరు ఏరుకునేవారు. తమ మధ్య ఉన్నదానికి తెలుగులోగాని, మిల్లులో వినబడే మరాఠీలోగాని ఏలియాకు ఒక మంచి మాట దొరకలేదు. తిట్లయితే రెండు భాషల్లోనూ దండిగా ఉన్నాయి. అందుకే బజారులో అతను మొగిలికి ఎడంగా, ఎవరో పరాయివాడిలా నడిచేవాడు.

పోయిన శివరాత్రికి చీర కట్టి దేవుణ్ణే పెండ్లాడిన బాలవ్వ అనే ముసలి శివపార్వతి వెంట మొగిలి వేములవాడ పోయాడు, మళ్లీ రాలేదు. ఇప్పుడు ఒక లారీ డ్రైవరుతో కబురొచ్చింది: "నవమికి నా పెండ్లి. ఏలియాను తప్పకుంట రమ్మను."

శ్రీరామనవమి నాడు అక్కడి గుడిలో కల్యాణం జరుగుతుండగా, మొగిలి లాంటివాళ్లు వందలమంది నొసట బాసికం కట్టుకుని, చేత త్రిశూలం పట్టుకుని ఆ గుడి దేవుడు రాజన్ననే పెండ్లాడతారు. ఆ తర్వాత ఇంకొకరి ఇంటికి కాపురానికి పోవడం ఉండదు. ఆ ఘడియ రాకముందే మొగిలిని వెనక్కి తెచ్చుకోవాలని ఏలియా బయలుదేరాడు. ఊరి చివర ఒక గది కూడా మాట్లాడి పెట్టాడు. దానికి వెనక నుంచి తోవ ఉంది. ఎవరి కంటా పడకుండా పోవచ్చు, రావచ్చు.

రాత్రే బయలుదేరి, నిర్మల్‌లో ఒక బస్సు, మెట్‌పల్లిలో ఇంకో బస్సు మారి వేములవాడలో దిగేసరికి ఎండ ఎక్కుతోంది. దిగీ దిగగానే అతనికి భయమేసింది. ఏ సందులోనో, ఏ గోడ చాటునో వెతకాల్సి ఉంటుందనుకున్నాడు. ఇక్కడ రోడ్డు మొత్తం వాళ్లదే. చీరలు, సిగ నిండా పూలు, పసుపు పూసిన ముఖాల మీద గడ్డం నీలి చారలు, గల్లుమనే గజ్జెలు. నిజామాబాద్ నుంచి కొందరు, బొంబాయి నుంచి కొందరు. డప్పు మోగుతుంటే పట్టపగలు, పోలీసుల ముందే ఆడుతున్నారు. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు వచ్చి, వాళ్ల చేత బొట్టు పెట్టించుకుని పోతున్నారు. ఏలియా తువ్వాలను ముఖం మీదికి లాక్కున్నాడు.

వాళ్లలో ఒకామె ఆ తువ్వాల పట్టి గుంజింది. "ఏం బావా, ఎండకు దాసుకున్నవా, అత్తగారికి దాసుకున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఇది మిల్లు నవ్వు కాదని అతనికి తెలిసింది. అయినా నవ్వడం చేతకాలేదు. ఇంతమంది సంబరంలో తానొక్కడే అంగీ గుండీ మెడదాకా పెట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది.

సత్రం వెనక పరదా కట్టిన నీడలో మొగిలి దొరికాడు. బాలవ్వ అతని చేతులకు పసుపు రాస్తోంది. ఏలియాను చూడగానే మొగిలి ముఖం విప్పారింది.

"వచ్చినవా! రావనుకున్న."

"తీస్కపోదామని వచ్చిన" అన్నాడు ఏలియా గొంతు తగ్గించి. "గది చూసిన. ఎన్క నుంచి తోవ ఉన్నది. ఎవ్వనికి తెల్వది."

మొగిలి బాలవ్వ చేతుల్లోంచి తన చేతులు తీసుకున్నాడు. బయట డప్పు మోగుతూనే ఉంది.

"ఎవ్వనికి తెల్వకుంట ఎన్నేండ్లుంటం, ఏలియా? నేను సచ్చిపోతె నువ్వేడ్సినా తలుపు పెట్టుకొనే ఏడ్వాలె."



బాలవ్వ కల్పించుకుంది. "బిడ్డా, దీని అన్నకు కబురు పంపితె, నాకు తమ్ముడే లేడన్నడట. పుట్టింటి బియ్యం పడకుంట ఉత్త ఒడితోని పెండ్లికెట్ల పోతది? నువ్వన్న పొయ్యరాదు ఒడిబియ్యం?"

"మేం కిరస్తానోళ్లం, అవ్వా."

"అయితేంది? మీ ఇంట్ల బువ్వ తినరా?"

ఏలియా మొగిలి వైపు తిరిగాడు. "పోస్తె వస్తవా నాతోని?"

మొగిలి నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పోసినోడు పుట్టింటోడైతడు. పండుగకు పిలువు, వచ్చి పోత. ఇంక దేనికీ రాను. జర సోంచాయించుకో. నేను బలిమి చెయ్య."

ఏలియా లేచి బజారులో పడ్డాడు. కాళ్లు అతన్ని బస్టాండుకు తీసుకుపోయాయి. మెట్‌పల్లి బస్సు నిండుతోంది. ఎక్కి కూర్చుంటే అయిపోతుంది. మొగిలి ఉత్త ఒడితో పోతాడు, తాను మాట్లాడిన గది అలాగే ఉంటుంది, తాను అన్న కాలేదు గనుక, పెండ్లయినా సరే రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చి బతిమాలుకోవచ్చు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఏలియా ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు కూడా. తమ్ముడే లేడన్న ఆ అన్నలాంటివాడే తానూ అయిపోతున్నానని ఆ కాలి మీద నిలబడే అతనికి తోచింది. దిగాడు.

బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఒక ఎర్ర రవికె బట్ట కొన్నాడు. రంగు ఏరడానికి చాలాసేపు పట్టింది. దుకాణందారు "చెల్లెకా?" అని అడిగితే ఊరికే తలాడించాడు.

బాలవ్వ బియ్యానికి పసుపు కలిపి ఇచ్చింది. పరదా తీసేశారు. జనం మూగారు. మొగిలి కొత్త చీర కొంగు పట్టి నిలబడితే ఏలియా దోసిలి నిండా బియ్యం తీసి పోశాడు. కొన్ని గింజలు కింద పడ్డాయి. మళ్లీ పోశాడు. గుంపులోంచి ఎవరో అడిగారు, "గీయన ఎవలు?"

"మా అన్న" అంది మొగిలి, డప్పుల మీదుగా వినబడేంత గట్టిగా. "గంత దూరం ఆదిలాబాద్ నుంచి నా కోసమే వచ్చిండు."

ఏలియా గురించి ఒక మనిషి పదిమందిలో గర్వంగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాటతోనే తన మనిషి తనకు కాకుండా పోయింది.

పుట్టిల్లు ఖాళీ కాకూడదని ఆడపిల్ల తన ఒడిలోంచి కొన్ని బియ్యం తిరిగి ఇవ్వాలి. మొగిలి దోసిలితో తీసి అతని తువ్వాలలో పోసింది. వంగినప్పుడు, పాత అలవాటు కొద్దీ, అతని తలలో ఏదో ఏరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పైలం అన్నా" అంది. అంతలో అందరూ గుడివైపు ఉరికారు. మంగళవాద్యాలు మోగాయి, తలంబ్రాలు గాలిలోకి లేచాయి. వందల త్రిశూలాల మధ్య ఆమె ఎక్కడుందో ఏలియా ఎంత మునివేళ్ల మీద లేచినా కనిపెట్టలేకపోయాడు.

సాయంత్రం బస్సులో పక్కసీటు ముసలమ్మ అతని ఒళ్లో పసుపంటిన మూట చూసింది.

"చెల్లెకు ఒడిబియ్యం పోసి వస్తున్నవా, బిడ్డా?"

"అవునవ్వా."

"ఒక్కతేనా?"

ఏలియా అవునని తలూపాడు. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవడం అతనికి బాగా అలవాటు, కానీ ఈసారి ఆగలేదు. బస్సంతా తిరిగి చూసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనుకోలేదు.

"ఆడివిల్లను పంపినంక అట్లనే ఉంటది. పండుగకు వస్తదిలే, ఏడువకు" అని ముసలమ్మ అతని వీపు నిమిరింది.

టికెట్ల కోసం వచ్చిన కండక్టరు, అతన్ని వదిలేసి ముందుసీటుకు పోయాడు.