ఎనిమిదో గడి

నల్గొండలో మాకు మెయిన్‌ఫ్రేమ్ నేర్పిన సారు ఏ పాఠమైనా బోర్డు మీద ఒక గడి గీసి మొదలుపెట్టేవారు. ఆ పెద్ద కంప్యూటర్‌లో ఒకేసారి వందల ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ఒక్కోదానికి ఒక్కో గడి ఉంటుంది. దాన్నే కంట్రోల్ బ్లాక్ అంటారు. ప్రోగ్రాం పేరేంటి, ఎక్కడ ఆగింది, దేని కోసం ఆగింది, అన్నీ అందులోనే ఉంటాయి.

"ఆగిందంటే సచ్చినట్టు గాదురా. దేని కోసం ఆగిందో అది రాంగనే సిస్టం లేపుతది. ఆగిన కాడికెల్లే నడిపిస్తది."

"దేని కోసమో గడిలో రాయకుంటే, సార్?" అని అడిగాను.

"ఇగ దాన్ని ఎవ్వలు లేపరు."

మా బ్యాచ్‌లో ఏడుగురం. ఉద్యోగాలు రావని తెలిశాక ఒక్కొక్కరం మానేశాం. మానేసిన ప్రతివాడికీ సారు బోర్డు అంచున ఒక గడి గీశారు. పత్తి ఏరే పనుందని చెప్పి మానేశాను కాబట్టి నా గడిలో "ఆరో పాఠం, పత్తి ఏరుడు" అని ఉండేది.

ఇప్పుడు నాది పార్సిళ్లు పంచే పని; నిరుడు సారు పేరున వచ్చిన ఒకటి ఇవ్వడానికి అక్కడికి వెళ్లాను. గదిలో కంప్యూటర్లు లేవు. సారు ఒక్కరే బోర్డుకు ఎదురుగా కూర్చున్నారు. నా చేతిలోని పార్సిల్‌ను చూడనే లేదు.

"వచ్చినవా? పత్తి ఏరుడు ఒడిసిందా? కూసో, ఆరో పాఠం కాడికెల్లి షురూ చేద్దాం."

"సార్, జర సంతకం పెట్టుండ్రి," అన్నాను.

తలవంచుకుని పెట్టారు. అప్పుడు చూశాను, మా ఏడు గడుల కింద ఎనిమిదోది. అందులో సారు పేరు, పక్కన "ఆగింది" అని ఉంది. దేని కోసమో రాయలేదు.