మరక లేని డ్రమ్ము

పెరట్లో కోళ్ల గూడు కావాలని మా అమ్మాయి పట్టుబడితే, నిన్న ఇద్దరం సూరత్ శివారు కామ్‌రేజ్‌లోని పాత సామాన్ల దుకాణానికి వెళ్లాం. చెక్కలు, రేకులు చూస్తుండగా దుకాణదారు ఒక నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి మూత తీశాడు. నా ముక్కు లోపల గీరినట్టయింది. ముప్పై ఏళ్లయినా ఆ వాసనను వెంటనే గుర్తుపట్టాను.

అప్పుడు మేం సూరత్ మిల్లుల మధ్య పాండేసరలో ఉండేవాళ్లం. నాయిన బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. గదుల ముందు మోరీ నీళ్లు ఒకరోజు ఎర్రగా, మరునాడు పసుప్పచ్చగా పారేవి. రేపు ఏ రంగొస్తుందోనని పిల్లలం చింతగింజలు పందెం కాసేవాళ్లం. ఎండాకాలం జొన్న గట్క తాగుతున్నా, ఉత్తరాయణం పండుగ నాడు తీగలకు చిక్కిన పతంగుల కింద నువ్వుల చిక్కీ నములుతున్నా మిల్లుల వాసన మమ్మల్ని వదిలేది కాదు. ఊరి నుంచి అమ్మ గంపలో పెట్టి, రైల్లో సీటు కింద దాచి తెచ్చుకున్న ఎర్రపెట్ట ఆ ఏడు పదకొండు గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. సూరత్‌కు వచ్చాక అమ్మ అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే మొదలు.

గది వెనక మాకున్నది మంచమంత జాగా. అక్కడ గూడు దేనితో కట్టాలా అని వారం రోజులు వాదన. రేకైతే ఎండకు పెనంలా కాలుతుంది, పెట్టె చెక్కలైతే పందికొక్కులు కొరికేస్తాయి. అమ్మ వెదురు తడకలే కావాలంది.

“తడక సందులకెల్లి పిల్లి చెయ్యి పెడ్తది. మిల్లుల డ్రమ్ములు ఊకెనె పడున్నయ్,” అన్నాడు నాయిన.

రెండు తెచ్చాడు. ఒకదాని లోపలంతా ఎర్రరంగు పట్టి ఉంది, రెండోదాంట్లో ఒక్క మరక లేదు. రోజంతా రంగులతో గడిపే మిల్లు మనుషులకు కడిగిన నీళ్లు తేటగా వస్తే సామాను శుభ్రమైనట్టే లెక్క. రెండోది మొదటి బకెట్‌కే తేటగా వచ్చింది. నేను తల లోపల పెట్టి, వాసనొస్తుందన్నాను. నాయిన కూడా వంగి గట్టిగా పీల్చాడు.

“ఏం వాసన బిడ్డా? ఏం లేదు. జర అటు జరుగు.”

ఆయనంత నమ్మకంగా చెప్పేసరికి తప్పు నా ముక్కుదే అనుకున్నాను. ఇప్పటికీ దానికి నా మీద నాకు కోపమే. ఆ మరక లేని డ్రమ్ముకే పక్కన తలుపు కోసి, గడ్డి పరిచి, గుడ్లతో సహా పెట్టను అందులోకి మార్చాం. పిల్లి భయానికి చీకటి పడకముందే తలుపు బిగించాం.

తెల్లవారి అమ్మ తలుపు తీస్తే, పెట్ట రెక్కలు చాచి గుడ్ల మీదే చచ్చిపోయి ఉంది. అమ్మ ఏడుపు విని పక్కగది తాత వచ్చి, డ్రమ్ము దగ్గర ముక్కు మూసుకున్నాడు.

“విషపు మందు డ్రమ్ము గదర ఇది! గింత ఘాటు గొడ్తుంటె నీకు తెల్వలేదా?”

నాయిన మళ్లీ తల దూర్చి మళ్లీ పీల్చాడు. “నాకేం వాసనొస్తలేదే,” అన్నాడు అమ్మతో.

అమ్మ ఏడుపు ఆపేసింది. లోపలికి వెళ్లి వెల్లుల్లి దంచి తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. తర్వాత కర్పూరం, ఆ తర్వాత కిరోసిన్ గుడ్డ. ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఆయన అన్నం డబ్బా కట్టించుకుని ఎప్పటిలాగే మిల్లుకు వెళ్లాడు.

ఇప్పుడు ఆ గదులు లేవు, మోరీ మీద సిమెంటు పలకలు పరిచారు. దగ్గి దగ్గి నాయిన కూడా పోయాడు. నిన్న మా అమ్మాయి ముక్కు మూసుకుని నా వెనక్కి వచ్చేస్తే, దుకాణదారు ఆశ్చర్యంగా చూసి, డ్రమ్ములోకి వంగి గట్టిగా పీల్చాడు.

“వాసనేం లేదు బహెన్,” అన్నాడు.

అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు.