సూనియన్ కొండ మీది గుడి

అప్పట్లో కాకినాడలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. అక్కడ ఆయాగా పనిచేసే ఆమెది జాలరి కుటుంబం. భర్త సరుకు ఓడలో వంటవాడు. ఒకరోజు ఇంటర్వెల్లో ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"టీచర్ గారూ, ఇదేంటో చెబుతారాండి? మా ఆయన పంపాడు. సముద్రం దేవుడి గుడంట."

వీడియోలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, దాని మీద పైకప్పు లేని తెల్లని స్తంభాలు. గ్రీసు దేశమని మాత్రం చెప్పగలిగాను. ఏటా గ్రీకుల పాఠం చెబుతున్నా ఆ గుడి సంగతి నాకు తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లి చదివాను.

మర్నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ చోటు పేరు సూనియన్. దేవుడు పొసైడన్. మొదట కడుతున్న గుడిని పర్షియా సైన్యం పాడుచేస్తే, ఏథెన్సు వాళ్లు అదే చోట పాలరాతితో మళ్లీ కట్టుకున్నారు. తిరిగొచ్చే నావికులకు ఇల్లు దగ్గరపడిందనడానికి అదే గుర్తు. రెండు వేల ఏళ్లు దాటినా కొన్ని స్తంభాలు నిలిచే ఉన్నాయి.

"ఇప్పుడు పూజ చేస్తారాండి?"

"లేదమ్మా. ఎప్పుడో ఆగిపోయింది. అక్కడివాళ్లు క్రైస్తవులయ్యారు." మాది చర్చికి వెళ్లే ఇల్లు. వాళ్లు క్రైస్తవులయ్యారని చెప్పడానికి ఎందుకో మొహమాటపడ్డాను.

"మరి సముద్రం మీదికెళ్లేవాళ్లు ఎవరికి చెప్పుకుంటారండి?" అంది.

ఆ తర్వాత పది రోజులు ఆమె భర్త దగ్గర్నుంచి ఫోన్ లేదు. ఓడ ఏజెంటుకి నేనే ఫోన్ చేశాను. వివరాలు తెలియవన్నాడు. ఆమె పని మానలేదు గానీ, ఒకరోజు బెల్లు కొట్టడం మర్చిపోయి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయింది. ఆదివారం చర్చిలో అతని కోసం ప్రార్థన చేయించాను. చెబితే ఏమనుకుంటుందోనని భయపడుతూనే చెప్పాను.

"మేం గంగమ్మకి మొక్కాం. మీరూ మీ దేవుడికి చెప్పుకున్నారు కదా, మంచిదేనండి" అంది.

పదకొండో రోజు పాఠం మధ్యలో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఫోన్, అందులోంచి ఆమె భర్త గొంతు. తుఫానులో ఇంజన్ చెడి, ఓడను వేరే రేవుకి లాక్కెళ్లారట. పిల్లల ముందే ఆమెను పట్టుకుని ఏడ్చేశాను.

రెండు నెలలకి అతను ఇంటికొచ్చాడు. నన్ను భోజనానికి పిలిచారు. గుడి గురించి అడిగాను.

"రాళ్లేనండి. కానీ మా ఇంజన్ రూములో పనిచేసే ఆ దేశం ముసలాయన ఒకాయన ఉన్నాడు. పైకొచ్చి నిలబడి, అది కనబడగానే టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. అదేంటండీ అంటే, మా తాత అలాగే చేసేవాడన్నాడు."

ఆమె వడ్డించడం ఆపి వింది. "పాపం, ఆ దేవుణ్ణి మర్చిపోలేదన్నమాట" అంది.

సెలవు అయిపోయేలోగా అతన్ని మా తొమ్మిదో తరగతికి పిలిచాను. బల్లకి ఆనుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు. గుడి గురించి రెండు ముక్కలు చెప్పాడు. పిల్లలు మాత్రం ఓడ ఊగుతుంటే అన్నం ఎలా వండుతారని అడిగారు. బెల్లు కొట్టేదాకా అదే చెప్పాడు.