రాజ్యం తోమిన పెంకు

జగిత్యాల నుంచి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చినా రాజ్యానికి తోముడు తప్పలేదు. మొదటి నాలుగేళ్ళు ఆసుపత్రిలో క్లీనర్. రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, ఆమె పేరు ఒకనాడు తప్పుగా రాసేవాళ్ళు, ఒకనాడు అసలు రాసేవాళ్ళే కాదు. తర్వాత ఒక చిన్న మ్యూజియం నేలమాళిగలో పెంకులు కడిగే పని దొరికింది.

పెంకులంటే మన పెరట్లో దొరికేవి అనుకునేరు! ఇజ్రాయెల్‌లోని గలిలయలో పదిహేను వందల ఏళ్ళనాటి యూదుల ప్రార్థనామందిరం బయటపడినప్పుడు, దాని చుట్టూ దొరికిన కుండపెంకులవి. తవ్విన దొర యాభై ఏళ్ళ కింద వాటిని పెట్టెల్లో నింపి ఇక్కడికి పంపాడు. మూత తియ్యకుండానే పోయాడు మహానుభావుడు.

ఆ గదికి పెద్ద ఫయాజ్, హైదరాబాద్ అతను. మొదటిరోజే ఒక నియమం చెప్పాడు. "ఆంటీ, పెంకు ముందుగాల నీళ్ళల్ల ముంచి చూడుండ్రి. నల్లగ గీత గిట్ల కనిపిస్తే బ్రష్ ముట్టియ్యొద్దు. అది సిరా కావచ్చు. నన్ను పిలువుండ్రి."

నాలుగేళ్ళు ముంచింది, చూసింది, ఆ తర్వాతే తోమింది. ఏ పెంకు మీదా గీత లేదు. అయినా ఆమెకు ఆ పని ప్రాణం. ఒకసారి ఒక అంచుముక్క పట్టుకుని, "ఇది వండే కుండ కాదు బిడ్డా, నీళ్ళది" అంది. ఫయాజ్ పుస్తకాలు తిరగేసి, "నిజమే ఆంటీ" అని రాసుకున్నాడు. ఈ దేశంలో ఆమె మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు. ఆ సంగతి మొగుడికి వారం రోజులు చెప్పింది పిచ్చితల్లి.

2016 మార్చిలో పిడుగు పడింది. గది మూసేస్తారట. మ్యూజియం కమిటీ వాళ్ళు గురువారం వచ్చి ఆఖరిసారి చూస్తారు. "రాత ఉన్న పెంకు ఒక్కటి దొరికినా మూసుడు ఆపుతరు ఆంటీ. ఉత్త పెంకులతోని ఆపరు" అన్నాడు ఫయాజ్. మిగిలింది ఒక్క పెట్టె.

గురువారం పొద్దున రాజ్యం గంట ముందే వచ్చింది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే గిన్నెలు తళతళలాడాలి కదా! కమిటీ వచ్చేసరికి పెట్టెడూ కడిగి, బల్ల మీద బోర్లించాలని ఆమె ఆరాటం. ఆ తొందరలో ముంచి చూడడం మానేసింది. అరచేతంత పెంకు ఒకటి తీసి తోముతుంటే నీళ్ళు నల్లబడ్డాయి. మసి అనుకుంది. జీవితమంతా గిన్నెల మసి వదలగొట్టిన చెయ్యి అది. నలుపు కనిపిస్తే ఆగుతుందా? ఇంకా గట్టిగా తోమింది.

బొటనవేలు తీసి చూస్తే, దాని కింద ఒక్కటే ఒక్క అక్షరం ఉంది. చుట్టూ అంతా శుభ్రం.

"బిడ్డా!" అని అరిచింది. ఫయాజ్ వచ్చి పెంకు చూశాడు, బకెట్‌లోని నల్లనీళ్ళు చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"మసి అనుకున్న బిడ్డా. గిన్నె మసి అనుకున్న."

అతను ఒక్కమాట తిట్టలేదు. తిట్టినా బాగుండును. పదింటికి కమిటీ వాళ్ళు వచ్చి భూతద్దం పెట్టి ఆ అక్షరం చూశారు. ఒక్క అక్షరాన్ని ఏమని చదువుతారు? మర్యాదగా నవ్వి, టీ తాగి వెళ్ళిపోయారు. నెలాఖరుకల్లా గది మూసెయ్యమని మధ్యాహ్నమే ఈమెయిల్ వచ్చింది.

ఆఖరిరోజు ఫయాజ్ ఆ పెంకుకు చీటీ రాస్తున్నాడు. "రాత పాతకాలంలనే పోయిందని రాస్త ఆంటీ. ఎవరికీ తెల్వదు."

"అట్ల రాయకు. నేను తోమితే పోయిందని రాయి."

"ఎందుకాంటీ?"

"అండ్ల ఏముండె బిడ్డా?"

"ఏమో. శానావరకు మనుషుల పేర్లే ఉంటయ్. మందిరానికి ఎవరేం ఇచ్చిన్రు, అట్లాంటివి."

రాజ్యం పెంకును అరచేతిలోకి తీసుకుంది. "పదిహేను వందల ఏండ్లు మట్టిల దాగిన పేర్లు. నా చేతికొచ్చి పొయినయ్. నా పేరు రాయి."

ఫయాజ్ రాశాడు. స్పెల్లింగ్ అడిగి మరీ, తప్పు లేకుండా రాశాడు. ఆమె చీటీని రెండుసార్లు చదువుకుని, పెంకుతో పాటు పెట్టెలో పెట్టి, మూత తనే వేసింది.

సోమవారం నుంచి మళ్ళీ ఆసుపత్రి. రోటాలో ఆమె పేరు లేదు. అడిగితే, చివర్లో పెన్సిల్‌తో రాశారు.