మామకు చెప్పిన ఎనిమిది మాటలు

మొన్న మా మనవరాలు ఆఫీసుకు సెలవు చీటీ రాసుకుంటూ, "తాతా, రిక్వెస్ట్ అని రెండుసార్లు వచ్చింది, ఇంకో మాట చెప్పు" అంది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే ఆమె ఫోను ఆ మాటకు బదులుగా డజను మాటలు వరుసగా చూపించింది. ఒకటి ఏరుకుని, చీటీ పంపేసి, టీ పెట్టడానికి లేచిపోయింది. అరనిమిషం పని. ఆ వరుస చూసిన నాకు మాత్రం నోరంతా చేదైపోయింది. అలాంటి వరుసే ఒకటి ఒకప్పుడు నా చేత్తో రాసి ఒక మనిషికిచ్చాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ.

మామ ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా కచేరీలో గుమాస్తా. ఊరి పేరెందుకు లెండి, ఆ మాటకొస్తే ఏ ఊరైనా అదే జరిగేదేమో. నైజాం కాలంలో కచేరీ అంటే ఉర్దూ, ఉర్దూ అర్జీ అంటే మా మామ. వెదురు కలం చెక్కుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తుంటే ఆ గీతల వంపులు చూడటానికే మనుషులు నిలబడేవాళ్ళు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. అడగడానికి మెట్లున్నాయనేవాడు. చిన్న అధికారికైతే 'గుజారిష్' చాలు, తహసీల్దారుకు 'అర్జ్', జిల్లా అధికారికైతే 'ఇల్తిజా'. ఒకరికి వాడిన మాట ఇంకొకరికి వాడటమంటే, పెళ్ళిలో వియ్యంకుణ్ణీ వంటవాణ్ణీ ఒకే బంతిలో కూర్చోబెట్టడం లాంటిది ఆయనకు. ఒకే అర్జీలో ఒక మాట రెండుసార్లు పడితే కాగితం చింపేసేవాడు. మంచి అర్జీ చదివి అధికారి 'వాహ్' అంటే, వంగి మూడుసార్లు నుదుటికి చెయ్యి తాకించి సలాం చేసేవాడు. ఆ రోజు ఇంట్లో అత్తమ్మ చేతి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైనా లొట్టలేసుకుంటూ తినేవాడు.

నా ఉర్దూ అంటే మాత్రం ఆయనకు లోకువ. చిన్నప్పుడు ఒకసారి చుట్టాలందరి ముందు నన్ను చదవమని, నేను తడబడితే, "వీనికి చదువెందుకక్కా, ఎడ్లు కాయబెట్టు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అది నేను మరిచిపోలేదు. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ మరిచిపోలేదు.

తర్వాత కాలం మారింది. కరీంనగర్‌లో చదువుకుని నేను మంచిర్యాలలో ఇంగ్లీషు మాస్టర్నయ్యాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్ళకు మామ కచేరీలో కాగితాలన్నీ ఇంగ్లీషులోకి తిరిగాయి. పాత గుమాస్తాలకు ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. మామ రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. మూడోసారీ తప్పితే గుమాస్తాగిరీ పోయి దఫ్తరీ అవుతాడు, అంటే కాగితాల కట్టలు కట్టి అటకమీదికి ఎత్తే పని. యాభై దాటినవాళ్ళకు పరీక్ష మాఫీ చేయవచ్చని ఒక ఉత్తర్వు ఉండేది. మామకు యాభై ఒకటి. ఆ మాఫీ కోసం కొత్తగా వచ్చిన అధికారికి ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలి.

ఒక ఆదివారం పొద్దున్నే బస్సు దిగి నా గదికి వచ్చాడు. చంకలో నోటుబుక్కు, చేతిలో సీతాఫలాల గంప. "అరే అల్లుడా, రిక్వెస్ట్ అన్న మాటకు అక్కచెల్లెండ్లు ఎందరున్నరో జర చెప్పు" అన్నాడు. నేను నిఘంటువు తీశాను. ఆస్క్, బెగ్, ప్రే, అపీల్, సొలిసిట్, ఎన్‌ట్రీట్, ఇంప్లోర్, బిసీచ్. ఎనిమిది రాసిచ్చాను. ఆయన ఒక్కొక్కదాని పక్కన ఉర్దూలో అర్థం రాసుకుని, "గిండ్ల ఏది పెద్దది? ఏది ఎవ్వరికి?" అని అడిగాడు.

ఇంగ్లీషులో అలాంటి మెట్లు లేవు మామా, ఒక్క రిక్వెస్ట్ చాలు అని చెప్పాలి. చెప్పలేదు. యాభై ఏళ్ళ మనిషి నా ముందు చాప మీద పిల్లవాడిలా కూర్చుని అడుగుతుంటే నా కడుపు చల్లబడింది. ఎడ్లు కాయాల్సినవాణ్ణి గదా! ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, ఇదిగో ఇలా పైకి పోవాలి అని చూపించాను.

సాయంత్రానికి మామ తనకొచ్చిన ఇంగ్లీషులోనే మూడు పేజీల అర్జీ రాశాడు. ఎనిమిది మాటలూ మెట్టు మెట్టుగా ఎక్కాయి. చివరికొచ్చేసరికి ఆ వాక్యాలు కాళ్ళ మీద పడి దొర్లుతున్నాయి. వయసు మాత్రం ఎక్కడా లేదు. ఉత్తర్వు ఊసూ లేదు.

"వయసు రాయాలి కదా మామా?"

"ఛీ, గదేం మర్యాద? నీ కానూను గిట్లున్నది, నా వయసు గింత, గందుకే ఇయ్యి అంటే హుకుం చేసినట్టుండదా? దొరకు ఎరుక లేదా? మనం అడుగుడే మన పని."

నేను ఇంకోసారి చెప్పి ఉంటే వినేవాడు. ఇంగ్లీషు విషయంలో ఆ రోజు నా మాటే ఆయనకు వేదం. "బాగుంది మామా" అన్నాను. అంతే అన్నాను.

తోడు రమ్మంటే కచేరీకి వెళ్ళాను. అధికారి కుర్రవాడు, బయటి జిల్లా మనిషి. మొదటి పేజీ చదివి మామ వైపు చూశాడు. రెండో పేజీకి పెదవి కొరుక్కున్నాడు. మూడో పేజీకి హెడ్ గుమాస్తాను పిలిచి, పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎన్‌ట్రీట్ దగ్గర హెడ్ గుమాస్తా కిసుక్కుమన్నాడు. బిసీచ్ దగ్గర గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఎన్ని విధాలుగా సర్దిచెప్పుకున్నా, నవ్వింది మాత్రం నిజం.

మామ ఆ నవ్వులు చూసి, అర్జీ నచ్చిందనుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. వంగి, మూడుసార్లు నుదుటికి చెయ్యి తాకించి సలాం చేశాడు.

"ఇంతకీ మీకేం కావాలండీ?" అన్నాడు అధికారి కళ్ళు తుడుచుకుంటూ.

"అండ్లనే అర్జ్ చేసుకున్న సర్కార్."

మళ్ళీ సలాం చేయబోతూ మామ నా వైపు చూశాడు. నా ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆయనకు అప్పుడు అర్థమైంది. చెయ్యి మెల్లగా కిందికి దించి, టోపీ సరిచేసుకున్నాడు.

వారానికి కాగితం తిరిగి వచ్చింది. ఏం కోరుతున్నారో స్పష్టంగా లేదు, తిరస్కరించడమైనది అని ఒక్క వాక్యం. హెడ్ గుమాస్తా తర్వాతెప్పుడో బజారులో కనబడి, "మీ మామ వయసొక్కటి రాసుంటే ఆ పూటే దస్కత్ అయిపోతుండె, పాపం" అన్నాడు. పాపమట. మామ మూడోసారి పరీక్ష రాయలేదు. దఫ్తరీగా నాలుగేళ్ళు పనిచేశాడు. తన చేత్తో రాసిన ఉర్దూ కాగితాలనే గుడ్డలో కట్టి అటక ఎక్కించాడు. వెదురు కలం పట్టిన వేళ్ళకు సుతిలి తాడు ఒరుసుకుని కాయలు కాశాయి.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. తర్వాత నా పెళ్ళికి వచ్చాడు, అక్షింతలు వేశాడు. పక్కకు పిలిచి క్షమించమని అడగాలని నేను వెనకే తిరుగుతుంటే, ఆయనే ఆగి, "మీరు భోంచేసిండ్రా?" అన్నాడు. నేను పుట్టినప్పటి నుంచి 'అరే', 'ఒరే' అన్న మామ, కచేరీలో అలవాటైన గొంతుతో, పై అధికారిని అడిగినట్టు అడిగాడు. తిన్నానని తలూపి పక్కకు తప్పుకున్నాను. పోయేదాకా నన్ను అట్లాగే 'మీరు' అన్నాడు.

ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. ఆ అర్జీ పెట్టుకున్ననాటి ఆయన కన్నా నేనిప్పుడు ముప్పై ఏళ్ళు పైగా పెద్దవాణ్ణి. కాలం నాకు ఇంత వయసైతే ఇచ్చింది కానీ, ఆయన నోట మళ్ళీ ఒక్కసారి 'అరే' అనిపించుకునే పూట మాత్రం ఇవ్వలేదు.