పెన్సిల్ మామయ్య, వియ్యంకుడి పెట్టె

పెన్సిల్ మామయ్య ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. భోజనానికి కూర్చుంటే సగంలో లేచి వెళ్ళి కిటికీ రెక్క సరిగా పడిందో లేదో చూసి వస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెవి మీంచి పెన్సిల్ తీసి, దాని వెనకున్న రబ్బరుతో ఎదురుగా ఏది కనపడితే దాన్ని టక్కుమని తడతాడు. గ్లాసు, గడియారం, కుర్చీ కాలు. ఒకసారి బట్టల కొట్టాయన బట్టతల కూడా. ఆయన మంచివాడు కాబట్టి, లోపల ఏమైనా వదులుగా ఉందా అని అడిగి నవ్వి ఊరుకున్నాడు.

ఆ పెన్సిల్ ఊరికే పట్టుకున్న అలవాటు కాదు, కూడు పెట్టిన పనిముట్టు. మామయ్య పాతకాలపు ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. పాటని నిండుగా వినిపించే బరువైన ఇనప పెట్టెలు అవి. నెత్తి మీద గాజు వాల్వులు వరసగా నిలబడి ఉంటాయి. స్విచ్చి వేస్తే వాటి కడుపులో నిప్పు రాజుకున్నట్టు ఎర్రబడుతుంది. కాసేపు వేడెక్కితే గానీ గొంతు విప్పవు. ఏళ్ళు గడిచేకొద్దీ వాల్వు లోపలి సన్న తీగలు వదులవుతాయి. అలాంటి వాల్వుని రబ్బరుతో తడితే, స్పీకర్లోంచి స్టీలు గ్లాసుకి గోరు తగిలినట్టు సన్నగా ణింగుమంటుంది. పాట పైస్థాయికి పోయిందంటే అదే ఈల అయి కూర్చుంటుంది. మామయ్య ఒక్కో వాల్వునీ తట్టి, విని, మోగినదాన్ని పీకి మంచిది పెడతాడు. మూత తీసిన పెట్టెలో వేలు పెట్టాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో దాచేస్తాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా దారి చేసుకుంటుందని ఆయన భయం. పెళ్ళి ఫోటోలో కూడా ఆయన ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

ఇంకో గుణం ఉంది. ఎవరి మాటా నమ్మడు. తలుపు గడియ పెట్టానని భార్య చెప్తే, ఆవిడ మాట పూర్తికాకుండానే లేచి వెళ్ళి లాగి చూస్తాడు. ఆవిడని వీధంతా అత్తయ్య అంటారు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఈ సంగతికి ఏడ్చేది, తరవాత పోట్లాడేది, ఇప్పుడు గడియ పెట్టి, ఇక మీరు వెళ్ళి చూసుకోవచ్చు అని తనే చెప్తుంది. పనిలో అయితే ఈ గుణమే ఆయనకి పేరు తెచ్చింది. తన చెవి ఒప్పుకుంటే తప్ప ఏ పెట్టె కూడా ఆ గుమ్మం దాటలేదు.

అలా దాటిన వాటిలో వియ్యంకుడి పెట్టె ఒకటి. ఆయనకి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. పోయిన అన్నగారి గుర్తుగా ఆ పెట్టెని కొడుకులా చూసుకుంటాడు. మెత్తని మనిషి. ఎవరినైనా ఒక మాట అనాలంటే ముందు తనే చెమటలు కక్కుతాడు. అందుకే ఫిర్యాదు కోడలి నోట పంపించాడు. మామయ్య కూతురు ఫోను చేసి, మామగారు ఏమీ అనుకోవద్దన్నారంటూ మొదలుపెట్టి, పెట్టె ఇంటికొచ్చినప్పట్నుంచి పాట పైకి పోతే సన్నగా ఈల వేస్తోందని నసిగింది.

మామయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె తెప్పించాడు, తట్టాడు, విన్నాడు. ఏమీ లేదు. అయినా వియ్యంకుడితో మాట ఎందుకు పడటమని, ముందు వరసలో ఒక వాల్వు తీసేసి, తన పాత డబ్బాలో దూదిలో చుట్టి దాచుకున్న వాల్వు పెట్టాడు. అంత మంచి సరుకు ఎవరికీ ఇచ్చే రకం కాదు ఆయన. పెట్టె పంపాడు. మర్నాడే కూతురు మళ్ళీ ఫోను చేసింది. ఈల పెరిగిందట.

"ఈల మీ మామగారి చెవిలో ఉందేమో, చూపించుకోమను" అన్నాడు మామయ్య.

అత్తయ్య ఫోను లాక్కుని, నాన్నకి నడుం నొప్పిగా ఉంది అందుకే చిరాకు, ఈ మాట అక్కడ అనకు అని కూతురికి సర్దిచెప్పింది. ఫోను పెట్టేశాక మొగుడి వైపు తిరిగి, పిల్ల ఆ ఇంట్లో ఉందండీ, మీ నోరు కూడా ఆ జేబులో పెట్టుకోండి అంది. మామయ్య వినలేదు. చెప్పులేసుకుని, పనిముట్ల సంచీ తీసుకుని, కాఫీ కూడా తాగకుండా వియ్యంకుడి ఇంటికి బయల్దేరాడు. తప్పు ఎవరిదో మొహాన తేల్చి చెప్పి రావాలని ఆయన ఉబలాటం.

అక్కడ వియ్యంకుడు ఎదురొచ్చి, రండి బావగారూ అని కుర్చీ వేశాడు. మామయ్య కూర్చోలేదు. స్విచ్చి వేసి, వాల్వులు ఎర్రబడేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు. వియ్యపురాలు గుమ్మంలో నిలబడింది. కూతురు టీ కప్పులు పట్టుకుని వస్తోంది. అందరూ చూస్తుండగా మామయ్య పెన్సిల్ తీసి, తను పెట్టిన దూది వాల్వుని తట్టాడు. ఆయనకి రబ్బరు తగిలిన టప్పు అనే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. వినిపించిందా ఏమైనా అని గెలిచినవాడిలా తలెత్తాడు.

కూతురి చేతిలో కప్పులు తొణికి ఉన్నాయి. వియ్యపురాలు కళ్ళు గట్టిగా మూసుకుంది. వియ్యంకుడి భుజాలు చెవుల దాకా లేచి మెల్లగా దిగుతున్నాయి.

మామయ్య ఇంకోసారి తట్టాడు, ఈసారి పెట్టెని కాదు, వాళ్ళ మొహాలని చూస్తూ. మూడు మొహాలూ మళ్ళీ ముడుచుకున్నాయి. ఆయన చెవికి మళ్ళీ టప్పే. ఇంటికి తీసుకెళ్ళి చూస్తానని గొణిగి, పెట్టె ఎత్తుకుని, టీ అలాగే వదిలేసి వచ్చేశాడు.

ఆ తరవాత ఆయన నడక ఆగలేదు. ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి. కనపడిన ప్రతి గ్లాసునీ తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కుక్కరు కూత వినిపిస్తోందా, వినిపిస్తోంది. వీధిలో సైకిలు గంట, వినిపిస్తోంది. మరి ఆ సన్నటి మోత ఒక్కటే ఎటు పోయింది? ఎప్పుడు పోయింది? అన్నిటికంటే ఆ ఎప్పుడన్నదే ఆయన్ని తొలిచేసింది. ఈ మధ్య పంపిన పెట్టెలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొహమాటానికి నోరు మూసుకుని ఎంతమంది ఇళ్ళల్లో ఈలలు వింటున్నారో. చెవి లేకపోతే పెన్సిల్ ఎందుకు, పెన్సిల్ లేకపోతే తనని ఏమని పిలుస్తారు? అన్నం కలుపుకుని తినకుండా లేచాడు. పెట్టె మూత మాత్రం తియ్యలేదు.

అత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకుంది. కానీ ఆయన ఆవిడ కళ్ళజోడు డబ్బాని కూడా తట్టేసరికి, కుడుతున్న దిండు గలీబు ఒళ్ళో పెట్టుకుని అసలు మాట అనేసింది.

"ఆ పెట్టె ఈల నాకు వంటింట్లోకి వినిపించిందండీ. మీరు మొదటిసారి పంపేటప్పుడే."

మామయ్య గిరుక్కున తిరిగాడు. "మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవారా? ఆమధ్య గ్యాసు వాసన వస్తోందంటే నన్ను ముక్కు కడుక్కోమన్నారు."

ఆయన గోడ వైపు తిరిగి, గోడని తట్టి, ఇటు తిరిగాడు. తరవాత ఒక స్టూలు తెచ్చి, పనిబల్లకి ఎదురుగా, మొహం కనపడేలా వేశాడు. కూర్చోమని నోటితో అనలేదు. ఆవిడ గలీబు, సూది తీసుకుని వచ్చి కూర్చుంది.

పెట్టె మూత తీసి స్విచ్చి వేశాడు. వాల్వులు వెలిగాయి. ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. మొదటి వాల్వు తట్టాడు, సూది నడుస్తూనే ఉంది. రెండోది తట్టాడు, సూది ఆగింది. దూది వాల్వు తట్టాడు, ఆవిడ ఇస్ అంది, సూది వేలికి గుచ్చుకుంది. దాన్నే మళ్ళీ తట్టాడు, ఇంకోసారి తట్టాడు. తట్టినట్టు నటించి బల్లని తట్టాడు.

"అది బల్ల" అంది ఆవిడ తలెత్తకుండా.

సంగతి తేలింది. మొదట్నుంచీ మోగుతున్న దాన్ని వదిలేసి, నిక్షేపంలాంటి వాల్వుని పీకి, ఆ చోట ఇంకో మోగేదాన్ని, అదీ ప్రాణంలా దాచుకున్నదాన్ని, తనే పెట్టాడు. వియ్యంకుడు అబద్ధమాడలేదు. తీసి పారేసిన వాల్వుని చెత్తడబ్బాలోంచి వెతికి, తుడిచి, దూది వాల్వు చోట పెట్టాడు. రెండోదాని చోటికి డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే పెట్టి, ఆవిడ సూది వంక చూస్తూ తట్టాడు. చివరికి ఒకదానికి సూది ఆగలేదు.

"లేదా?" అన్నాడు.

"లేదు."

"సరిగా విన్నావా?"

"లేదండీ."

ఆయన లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి వాల్వు దగ్గర చెవి పెట్టాడు, ఏం ప్రయోజనం. వేరే మనిషి మాట మీద ఒక పెట్టెకి మూత బిగించటం ఆ చేతులకి అలవాటు లేదు. మూత మరమేకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అత్తయ్య గలీబు అంచు కుట్టటం అయిపోయాక ఇటు చూస్తే, మూత బిగించి ఉంది.

ఇద్దరూ కలిసే వెళ్ళారు. కూతురు గుమ్మంలోనే తల్లి మొహం చూసి, గొడవేమీ లేదని గ్రహించి ఊపిరి పీల్చుకుంది. మామయ్య పెట్టె దించి, తీగలు తగిలించి, వియ్యంకుడి వైపు చూడకుండా అన్నాడు.

"బావగారూ, ఆ ఈల నాకు వినపడదు. నేనే పెట్టాను, నేనే వినలేదు."

వియ్యంకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా కొట్టుకొచ్చే వాళ్ళు కూడా ముందు పేపర్లో అచ్చు చిన్నగా వేస్తున్నారనే అంటారు బావగారూ. ఆ తరవాతే జోడు పెట్టుకుంటారు."

పాట పెట్టారు. స్వరం పైకి పోతున్నకొద్దీ మామయ్య కళ్ళు ఒక మొహం మీంచి ఇంకో మొహం మీదికి పరిగెత్తాయి. ఎవరి భుజాలూ లేవలేదు. వియ్యంకుడు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. టీ వచ్చింది. ఈసారి మామయ్య తాగాడు, నిలబడే తాగాడు. పాట పూర్తికాకముందే సంచీ భుజాన వేసుకున్నాడు.

వియ్యపురాలు అన్నయ్యగారూ అప్పుడే ఏమిటని అడిగితే, అత్తయ్య నవ్వి, ఈయన పంపిన పెట్టెలు ఇంకా ఉన్నాయి వదినగారూ, ఒక్కో ఇంటికీ వెళ్ళి నన్ను స్టూలు మీద కూర్చోపెడతారట అని చెప్పింది. కుట్టుపని సంచీలో సర్దుకుని ఆవిడా లేచింది. వీధిలోకి వచ్చాక మామయ్య ఆగాడు.

"ఇంటికి తాళం వేశావా?"

"వేశాను."

ఆయన ఇంటి వైపు వెళ్ళే మలుపు చూశాడు, తరవాతి పెట్టె ఉన్న ఇంటి వైపు చూశాడు. పెన్సిల్ తీసి దీపస్తంభాన్ని ఒకసారి తట్టి, ఆవిడ మొహం చూసి, పెట్టె ఉన్న ఇంటి వైపే నడిచాడు. కాస్త దూరం పోయాక మళ్ళీ అడిగాడు.

"లాగి చూశావా?"